స్టంపులు పాతిన ఆదివారం

మా గ్రౌండ్‌కు రాసిపెట్టుకున్న నియమాలేమీ లేవు. ఉన్నది ఒక్కటే. ఆదివారం పొద్దున ఎవరు ముందు స్టంపులు పాతితే ఆ పూటకు పిచ్ వాళ్లది. అయితే పాతేసి ఇంటికెళ్లి పడుకుంటానంటే చెల్లదు. పక్కన మనిషి ఉండాలి. టీమ్‌లో ఇంకొకరు వచ్చేదాకా కాపలా నిలబడాలి. ఇది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. నాచారం నుంచి, మల్లాపూర్ నుంచి, ఉప్పల్ నుంచి వచ్చే టీములన్నీ మాత్రం పాటించేవి. రోడ్డు మీద ఎర్ర లైటుకు ఆగనివాళ్లు కూడా ఇక్కడ మూడు కర్రలకు ఆగేవారు.

దాదాపు ముప్పై ఏళ్లు మా ఇంటి నుంచి ఆ పని చేసింది మా ఆయన. ఒకే ఒక్క ఆదివారం నేను చేశాను. ఆయన పోయింది ఆ రోజే. నా వల్ల పోయారా, ఎలాగూ పోయేవారా అన్నది మూడేళ్లుగా నాలో నలుగుతున్న సంగతి.

దుఃఖం పొంగుకొచ్చి రాస్తున్నానని అనుకోకండి. అక్కడ పొంగడానికేమీ లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తారే, ఆ దవడలా ఉంది లోపలంతా. గిచ్చినా తెలియదు.

గ్రౌండ్ అంటే గొప్పగా ఊహించుకోవద్దు. నా చిన్నప్పుడు అది ఊరి పశువులు తిరిగే బీడు. మా నాయన బర్రెలను అక్కడే వదిలేవాడు. సర్కారు తుమ్మ, రాళ్లు, వానాకాలంలో మోకాళ్ల లోతు నీళ్లు. చుట్టూ పొలాలు మావి, మా పాలోళ్లవి, అంటే దాయాదులవి. మల్లాపూర్ వైపు ఫ్యాక్టరీలు వచ్చాక పొలాలు ఒక్కొక్కటే రేకుల షెడ్లయ్యాయి. బీడు ఎవరి సొంతమూ కాదు కాబట్టి బతికిపోయింది. షిఫ్టు దిగిన మగపిల్లలు తుమ్మచెట్లు కొట్టేశారు. రాళ్లు ఏరి ఒక పక్కన కుప్ప పోశారు, కూర్చోవడానికి అదే. రైల్వే క్వార్టర్ల నుంచి, తార్నాక వైపు సైంటిస్టుల కాలనీల నుంచి సైకిళ్లకు బ్యాట్లు కట్టుకుని వచ్చేవారు. మా బర్రెలు మాత్రం బౌండరీ దగ్గర మేస్తూనే ఉండేవి. బంతి బర్రెకు తగిలితే రెండు పరుగులని ఒక ఒప్పందం ఉండేది. ఒకసారి మా చూడిబర్రెకు తగిలిందని మా నాయన కర్ర పట్టుకుని పిచ్ మధ్యలోకి వెళ్లి ఆట ఆపించాడు. ఆ రోజు వచ్చి క్షమాపణ చెప్పినవాడే తర్వాత మా ఇంటి అల్లుడు.

ఆయనది తెనాలి దగ్గర ఊరు, రైల్వేలో ఉద్యోగం. క్షమాపణకు వచ్చినవాడు నీళ్లు తాగాడు, ఆ తర్వాత ప్రతి ఆదివారం నీళ్లకు వచ్చాడు, మా నాయనతో బర్రెల గురించి మాట్లాడి మాట్లాడి చివరికి నన్ను చేసుకున్నాడు. "ఆంధ్రోనికి ఇస్తవారా పిల్లను?" అని మా మేనత్త గోల చేసింది. మూడు రోజులు అన్నం ముట్టలేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది. శుభ్రంగా తిన్నది. వడ్డించింది నేనే.

ఆదివారం ఆ గ్రౌండ్ చూస్తే కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. ఒకే మైదానంలో నాలుగు మ్యాచులు. ఒక మ్యాచ్ ఫీల్డరు వీపుకు ఇంకో మ్యాచ్ ఫీల్డరు వీపు ఆనించుకుని నిలబడతాడు. గాల్లోకి లేచిన బంతి తమదో పక్కవాళ్లదో తెలియక నలుగురు కలిసి పరుగెత్తుతారు. ఇన్నేళ్లలో తలలు పగిలినవి తక్కువే, అదెలాగో నాకు అర్థం కాదు. నాలుగు పిచ్‌లలో సరైనది నడిమిది ఒక్కటే. మిగతా మూడింటి మీద బంతి ఎటు లేస్తుందో వేసినవాడికే తెలియదు. అందుకే పోటీ అంతా నడిమి పిచ్ కోసం.

ఆటకు మాత్రమే అనుకుంటే అదీ కాదు. దసరాకు రావణుణ్ణి అక్కడే కాల్చేవారు. మర్నాడు మావాళ్లు వరుసగా వంగి బూడిదలో మేకులు ఏరేవారు. పెళ్లిళ్లకు టెంట్లు వేసి గుంతలు తవ్వి వదిలేసేవారు. మేం బతుకమ్మ ఆడుకునేవాళ్లం. షుగరున్నవాళ్లు చుట్టూ నడిచేవారు, కారు నేర్చుకునేవాళ్లు మధ్యలో తిరిగేవారు. మా తమ్ముడికి కారు నేర్పింది మా ఆయన అక్కడే. ఉప్పల్‌లో పెద్ద స్టేడియం వచ్చాక మా గ్రౌండ్ పని అయిపోయిందన్నారు. ఏమీ కాలేదు. అక్కడ మ్యాచ్ ఉన్న రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకోవడమే మాకు కొత్తగా వచ్చింది. స్టేడియంలో ఆడేవాళ్లను లోకమంతా చూస్తుంది. మావాళ్లను బర్రెలు చూసేవి, అవి కూడా పోయాక ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. పెళ్లైన నాటి నుంచి ఆదివారం ఇడ్లీలు ఒక్కదాన్నే తిన్న మనిషిని నేను. ఆట మీద ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి!

అయినా సరే, ఆ ఇంట్లో ఉండీ ఉండీ నాకూ అంటుకుంది. ఆట కాదు, పిచ్ పిచ్చి. మధ్యాహ్నం ఆయన ఇంటికి రాగానే నేను అడిగే మొదటి మాట గెలిచారా అని కాదు. "నడిమిది దొరికిందా?" అని. దొరికితే ఆ పూట నా మొహం కూడా వెలిగేది. ఎందుకో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఆ ఆదివారం ఎండాకాలం. ఎండ ముదరకముందే అయిపోవాలని ఆట ఆరింటికి మొదలుపెట్టేవారు. అయిదింటికి నేను లేచేసరికి ఆయన మంచం అంచున కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నారు.

"ఏమైంది?"

"గ్యాస్. రాత్రి బజ్జీలు తిన్నాను కదా."

"దవాఖానకు పోదామా?"

"గ్యాస్‌కి ఆసుపత్రేంటే, నవ్వుతారు. నువ్వో పని చెయ్యి. స్టంపులు పట్టుకెళ్లి నడిమి పిచ్ మీద పాతెయ్యి. మనవాళ్లు ఒకళ్లొచ్చేదాకా నిలబడితే చాలు. ఈలోపు నేను కాస్త నడుం వాల్చి వచ్చేస్తా."

అప్పుడు నేనేమనాలి? పిచ్ గంగలో కలవనీ, ముందు చొక్కా వేసుకో అనాలి. ఏ ఊరి ఆడదైనా అదే అంటుంది. నేను "ఎంత లోతు పాతాలె?" అని అడిగాను.

"జానెడు," అన్నారాయన.

మా ఇంటికి రెండు సందుల అవతల గ్రౌండ్. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. నడిమి పిచ్ మీద అప్పటికే మూడు స్టంపులు నిలబడి ఉన్నాయి. కొత్తవి, స్టిక్కర్లు కూడా ఊడలేదు. పక్కన నరమానవుడు లేడు. అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే అయిదు నిమిషాల్లో ఇంట్లో ఉండేదాన్ని. పిచ్ పోయిందంటే ఆయన ఒక పూట మొహం మాడ్చుకునేవారు, అంతకుమించి ఏమీ లేదు. కానీ మనిషి లేకపోతే చెల్లదన్న నియమం నాకు ఆయనకంటే బాగా తెలుసు. ఆ మూడింటినీ పీకి పక్కన పడేశాను. మావి పెట్టి రాయితో కొట్టాను. జానెడు దిగేదాకా కొట్టాను.

రెండోవైపు పాతుతుంటే గేటు దగ్గర చాయ్ బండి నుంచి ఒకతను గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. పాతికేళ్లుంటాయేమో.

"ఓ ఆంటీ! గవి మావి. ఎందుకు వీకినవ్?"

"ఎవనికిరా ఆంటీ? మనిషేడి? మనిషి లేకుంటే చెల్లది."

"గీ గేటు కాడికే వొయినక్కా, చాయ్ తాగనీకె. నా సూపు ఈడనే ఉండె."

"సూపుంటే సరిపోదు. మనిషుండాలె. మా ఆయన ముప్పయ్యేండ్ల సంది పాతుతున్నడు గీడ. నాకు జెప్తవా నువ్వు?"

అతను బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు. నేను ఇంకా పెంచాను. వాకింగ్ చేసేవాళ్లు నిలబడి చూశారు. ఒక పెద్దాయన మధ్యలోకి వచ్చి సర్దిచెప్పబోతే ఆయన్నీ నాలుగు దులిపాను. దాచుకోవడమెందుకు, నాకు మస్తు హుషారుగా అనిపించింది. ఎన్ని ఆదివారాల ఇడ్లీల కోపమో అతని మీద కక్కేశాను. చివరికి అతను స్టంపులు ఏరుకుని, "ఆడమనిషితోని ఏం కొట్లాడ్త తియ్, తీస్కో అక్క," అంటూ మురికినీళ్ల మోరీ పక్కనున్న చెత్త పిచ్ వైపు నడిచాడు. నేను గెలిచాను.

కొట్లాట ఇరవై నిమిషాలు. ఆ తర్వాత మా టీమ్ వాళ్లిద్దరు వచ్చేదాకా కాపలా పావుగంట. వాళ్లలో ఒకడు మా తమ్ముడు. బావ ఏడి అని వాడడిగితే "గ్యాస్ అంట, వస్తడు," అన్నాను. దారిలో పాల ప్యాకెట్ కొన్నాను. నిమ్మళంగా నడిచి వచ్చాను, రాణిలాగా.

ఆయన బాత్రూమ్ గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నారు. బనియన్ తడిసిపోయింది.

"దొరికిందా?" అన్నారు.

"దొరకకేం!" అని కథ మొత్తం చెప్పాను. ఆంటీ అన్నది, చాయ్ గ్లాసు, పెద్దాయన్ని దులిపినది, అన్నీ. అతని గొంతు పెట్టి మరీ చెప్పాను. ఆయన నవ్వారు. "నిన్ను టీమ్‌లో పెట్టుకోవాల్సిందే," అన్నారు. నవ్వుతూ చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నారు. అప్పటికిగానీ నేను ఆయన మొహం రంగు చూడలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేయాలని తోచలేదు. తమ్ముడికి కారుంది, రెండు సందుల అవతల గ్రౌండ్‌లోనే ఉన్నాడు. "బావకు మంచిగ లేదురా, చెమటలు వడ్తున్నయ్, జర కార్ తీస్కొని రా," అన్నాను. "వస్తున్నక్క," అన్నాడు. వచ్చాడు. ఇద్దరం కలిసి రెండంతస్తుల మెట్లు దింపాం. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆయన తల నా భుజం మీదికి వాలింది. నిద్రపోయారనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరు బయటికి వచ్చి, కొంచెం ముందు తెస్తే బాగుండేదమ్మా అన్నాడు. ఎంత ముందు అని అడిగాను. అరగంట, గంట, అలా ఖచ్చితంగా చెప్పలేం అన్నాడు. నేను మనసులోనే లెక్క కూడాను. ఇరవై, పదిహేను, పాలకు అయిదు, కథకు అయిదు. నలభై అయిదు. అది మొదలు ఎక్కడ కూర్చున్నా అదే కూడిక. కూడినకొద్దీ అంతే వస్తుంది.

ఆ మధ్యాహ్నం గ్రౌండ్‌లో ఆడేవాళ్లంతా మా ఇంటికి వచ్చారు. నాలుగు పిచ్‌ల వాళ్లూ, ఎర్రమట్టి అంటిన ప్యాంట్లతోనే. ఎవరు వచ్చారో ఎవరు మోశారో నాకు గుర్తులేదు. ఏమైంది, ఎట్లయింది అని అడిగిన ప్రతివాళ్లకూ ఒకటే చెప్పాను. స్టంపులు పాతమంటే వెళ్లాను, మనవాళ్లు వచ్చేదాకా నిలబడ్డాను, వచ్చేసరికి ఇట్ల. అబద్ధమేమీ కాదు. కొట్లాట ఒక్కటి వదిలేశాను.

నాకు ఏడుపు రాలేదు. మా అమ్మాయి నాగారం నుంచి వచ్చి పదిహేను రోజులుంది. "అమ్మా, ఒక్కసారి ఏడువే, బరువు దిగుతది," అని నా వీపు రుద్దేది. దానికోసమైనా ఏడుద్దామని ప్రయత్నించాను, కుదరలేదు. దినాలు కాగానే మల్లాపూర్‌లో నేను పనిచేసే ప్యాకింగ్ యూనిట్‌కు వెళ్లిపోయాను. డబ్బాలకు లేబుళ్లు సరిగ్గా పడ్డాయో లేదో చూడడం నా పని. ఆ నెలలో ఒక్క లేబులు కూడా వంకర పోలేదని మెచ్చుకున్నారు. ఆయన మీద కోపం మాత్రం ఉంది. గ్యాస్ అన్నందుకు ఉంది. నన్ను పంపినందుకు ఉంది. "నిన్ను టీమ్‌లో పెట్టుకోవాల్సిందే" అన్న ఆ మెప్పు మీద అన్నిటికంటే ఎక్కువ కోపం.

మూడేళ్లు గడిచాయి. తమ్ముడు ప్రతి ఆదివారం ఆట కాగానే వచ్చి చాయ్ తాగి వెళ్లేవాడు. ఆట గురించి ఎత్తేవాడు కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. మొన్న మాత్రం శుక్రవారం నాడే వచ్చాడు.

"అక్క, గ్రౌండ్ సుట్టు ఇనుప జాలీ గొడ్తున్నరు. సోమారం కెల్లి గేటుకు తాళమంట. లోపట పచ్చ కార్పెట్ ఏస్తరు, ఇగ ఫోన్ల స్లాట్ బుక్ చేస్కొని ఆడుడే. స్టంపులు పాతుడు గిట్ల ఏముండది. గీ ఐతారమే ఆఖరు."

"అయితే?"

"టీమోళ్లందరు అంటున్నరు. ఆఖరుసారి నువ్వు పాతాలె. బావ పేరు మీద."

నాకు ఒళ్లు మండింది. "నేనెందుకు? మీ చేతులేమన్న ఇరిగినయా?" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. వాడు వెళ్లలేదు. చాయ్ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు. యాభైకి దగ్గరపడ్డాడు, మోకాళ్లు అరిగాయి, ఇంకా బౌలింగ్ మానలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, "గట్ల అనకు అక్క. ఒక్కసారి రా," అన్నాడు.

ఆదివారం వెళ్లాను. ఆరు కావస్తోంది. అన్ని టీములూ ఉన్నాయి. నడిమి పిచ్ మీద ఎవరూ పాతలేదు, నాకోసం వదిలేశారు. చేతికి స్టంపులు ఇచ్చారు. రాయితో కొట్టాను. జానెడు. ఎవరో చప్పట్లు కొట్టబోతే ఇంకెవరో ఆపారు. బాగా చేశారు ఆపి.

ఆట మొదలైంది. మావాళ్లది బ్యాటింగ్ కాబట్టి తమ్ముడు నా పక్కన రాళ్ల మీద కూర్చున్నాడు. ఎండ ఇంకా ఆడేవాళ్ల మీదికి రాలేదు. ఈ గ్రౌండ్ పోతే ఈ మాట చెప్పడానికి చోటు కూడా ఉండదనిపించింది. చెప్పేశాను.

"గా దినం నేను ఉట్టిగ నిలవడలేదురా. ఎవలయో స్టంపులు వీకి పారేసిన. ఇర్వై నిమిషాలు కొట్లాడిన. ఇంటికి వొయ్యి గా ముచ్చటంత మీ బావకు జెప్పుకుంట కూసున్న."

వాడు ఆట వైపే చూస్తున్నాడు. "తెల్సక్క," అన్నాడు.

"ఎట్ల తెల్సు?"

"గాదినమే తెల్సు. గా స్టంపుల పిలగాడు సావు కాడికి వచ్చిండు. 'నేను జల్ది పిచ్ ఇడిసిపెట్టి ఉంటే అక్క జల్ది ఇంటికి వోతుండె అన్న' అని నన్ను వట్టుకొని ఏడ్సిండు. మన టీమోళ్లకందరికి తెల్సు."

అందరికీ తెలుసట! మూడేళ్లు నేను పళ్ల బిగువున దాచింది. సిగ్గు అనిపించాలి. కోపమే వచ్చింది.

"మరి నన్నెందుకు ఏమనలే? మూడేండ్ల సంది నా మొకం సూస్కుంట చాయ్ తాగవడ్తివి. ఒక్క మాటన్న అనొద్దా? తిట్టొద్దా?"

"ఏ మొకం వెట్టుకొని తిట్టాలక్క?"

ఒక ఓవర్ అయిపోయింది. ఫీల్డర్లు అటూ ఇటూ మారారు. వాడు అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు.

"నువ్వు ఫోన్ జేసినప్పుడు బాల్ నా చేతిల ఉండె. మొదటి ఓవర్ నాదే. గ్యాసే గదా అనుకున్న. ఓవర్ ఏసి వచ్చిన."

చెంప మీద కొట్టాలేమో. దగ్గరికి తీసుకోవాలేమో. ఏదో ఒకటి చేయాల్సిన సమయమని నాకు తెలుసు, చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి. నా నోటి నుంచి వచ్చింది ఇది.

"వికెట్ వడ్డదా?"

"పడలేదక్క," అన్నాడు. "ఒకటి వైడ్ వోయింది. ఏడు బాల్స్ ఏసిన."